మోయాబ్ ఎర్రరాళ్ల దారిలో.. బండి ఎంత ఎత్తుండాలి?

అమెరికాలో పికప్ ట్రక్కు పిచ్చి ఉన్నవాళ్లని ‘జీవితంలో ఒక్కసారైనా బండి తీసుకుని ఎక్కడికి వెళ్లాలి?’ అని అడిగితే, ఎక్కువమంది నోట వచ్చే పేరు మోయాబ్. యూటా రాష్ట్రంలో కొలరాడో నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. 2020 జనాభా లెక్కల్లో ఐదు వేల పైచిలుకు మంది. మన దగ్గర ఓ మోస్తరు పంచాయతీ అంత. పేరు ఎక్కడో విన్నట్టుందా? తెలుగు బైబిల్లో మోయాబు దేశం ఉంది కదా, ఆ పేరే దీనికి పెట్టారంటారు.

ఇంత చిన్న ఊళ్లో టైర్ల షాపులు, గ్యారేజీలు, జీపులు అద్దెకిచ్చే దుకాణాలు వరసగా కనిపిస్తాయి. ఈస్టర్ వచ్చిందంటే దేశం నలుమూలల నుంచీ జీపులు దిగుతాయి. 1967లో మొదలైన ‘ఈస్టర్ జీప్ సఫారీ’ ఇప్పటికీ నడుస్తోంది. ఊరికి ఓ పక్క ఆర్చెస్ నేషనల్ పార్క్, ఇంకో పక్క కాన్యన్‌లాండ్స్ నేషనల్ పార్క్. మధ్యలో ఎటు చూసినా ఎర్రరాయి.

మేముండేది డెన్వర్ శివార్లలో. మోయాబ్ ఇక్కడి నుంచి 350 మైళ్లు దాటుతుంది. ఐ-70 హైవే మీద రాకీ పర్వతాలు ఎక్కి, సముద్ర మట్టానికి 11 వేల అడుగుల ఎత్తున్న ఐసెన్‌హోవర్ సొరంగం దాటి, గ్లెన్‌వుడ్ కాన్యన్‌లో నది పక్కనే సాగి, గ్రాండ్ జంక్షన్ తర్వాత ఎడారిలోకి దిగాలి. క్రెసెంట్ జంక్షన్ దగ్గర ఎడమకి తిరిగి 30 మైళ్లు వెళ్తే ఊరు. మధ్యలో టీ, టిఫిన్ ఆపుకుంటే ఏడు గంటలు.

నా బండి 2019 మోడల్ టొయోటా టకోమా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పికప్ అనగానే మనకి బొలేరో పికప్, టాటా ఏస్ గుర్తొస్తాయి. ఇది మన దగ్గర అమ్మే హైలక్స్‌కి వరసకి తమ్ముడనుకోండి. దీనికి లిఫ్ట్ వేయించాలా, పెద్ద టైర్లు ఎక్కించాలా, ఎక్కిస్తే ఎంత అన్నది నాకు నాలుగు నెలలు పట్టిన ప్రశ్న. ఆ సమాధానం యూట్యూబ్‌లో కంటే మోయాబ్ రాళ్లలోనే ఎక్కువ దొరికింది. మిగతాది కడప జిల్లా నుంచి వచ్చింది. అదెలాగో చెప్తాను.

రాయి ఎక్కడ తగులుతుంది?

మొదటిసారి వెళ్లింది అక్టోబర్‌లో, ఇద్దరు ఫ్రెండ్స్‌తో, మూడు బళ్లలో. నా బండికి ఏ మార్పూ చేయలేదు. కంపెనీ నుంచి వచ్చిన 265/70ఆర్16 టైర్లే. ఊరి పక్కనే శాండ్ ఫ్లాట్స్ అనే చోట ‘ఫిన్స్ అండ్ థింగ్స్’ అని ఒక ట్రెయిల్ ఉంది. చేప వీపు మీద రెక్కల్లా పైకి లేచిన రాతి గుట్టలు. వాటి మీదకి ఎక్కాలి, అవతలికి దిగాలి. అంతే పని.

అక్కడి రాయిని ‘స్లిక్‌రాక్’ అంటారు, అంటే జారే రాయి. కానీ రబ్బరు టైరు దాని మీద అస్సలు జారదు, జిగురు పెట్టినట్టు పట్టుకుంటుంది. మరి ఆ పేరెందుకు? ఇనుప నాడాలు వేసిన గుర్రాలు జారిపోయేవి, అప్పటివాళ్లు పెట్టిన పేరు అది. ఎక్కేటప్పుడు అద్దంలోంచి ఆకాశం తప్ప ఏమీ కనబడదు. అంచు దాటాక ఒక్కసారిగా కింద లోయ. కడుపులో గిర్రున తిరుగుతుంది.

ఆ రోజు నేను చేసిన పని ఒకటుంది. బండి కింద ఎక్కడెక్కడ రాయి తగిలిందో ప్రతిసారీ దిగి చూసి ఫోన్‌లో ఫొటో తీసుకున్నా. సాయంత్రానికి లెక్క తేలింది. ముందు బంపర్‌కి ఒక్కసారి. పొట్ట భాగం రెండుసార్లు. వెనక ట్రెయిలర్ తగిలించే హిచ్ మాత్రం ఏడుసార్లు. గుట్ట దిగి సమతలానికి వచ్చిన ప్రతిచోటా తోక నేలకి రాసుకుంది.

ఆఫ్‌రోడ్ భాషలో దీనికి మూడు కోణాలు చెబుతారు. ఎదురుగా ఉన్న రాయికి బంపర్ తగలకుండా ఎక్కగలిగే కోణం ఒకటి. గుట్ట కొన మీద పొట్ట ఆనకుండా దాటగలిగే కోణం రెండోది. దిగేటప్పుడు తోక తగలకుండా బయటపడే కోణం మూడోది. స్పీడ్ బ్రేకర్ మీద మన కార్లకి కింద ‘గర్‌ర్’మని రాసుకుంటుంది చూడండి, అది రెండో కోణం సమస్య. పికప్‌లు పొడుగు కాబట్టి వాటికి రెండోది, మూడోది తక్కువ. నా ఫొటోలు కూడా అదే చెప్పాయి.

లిఫ్ట్ అంటే ఒకటి కాదు

డెన్వర్ తిరిగొచ్చాక ఒక షాపుకి వెళ్లా. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు నా ఫొటోలు చూడకుండానే “ఆరంగుళాల లిఫ్ట్, 35 అంగుళాల టైర్లు వేసేద్దాం, అదిరిపోద్ది” అన్నాడు. నిజమే, అదిరిపోద్ది. పార్కింగ్ లాట్‌లో. తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలంటే లిఫ్ట్‌ల రకాలు తెలియాలి.

అన్నిటికంటే చవకైనది స్పేసర్. ముందు స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిపి ఉండే స్ట్రట్ పైన ఒక గట్టి బిళ్ల పెడతారు. బండి లేస్తుంది. స్ప్రింగు పాతదే, షాక్ పాతదే. కానీ చక్రం గోతిలోకి వేలాడినప్పుడు కంపెనీ అనుకున్న దానికంటే కిందకి దిగుతుంది. బాల్ జాయింట్లు, సీవీ జాయింట్లు వాటి హద్దు దగ్గరకి వెళ్తాయి. ఊళ్లో తిరిగే బండికి నడిచిపోతుంది కానీ రాళ్ల మీద రోజంతా అదే పని చేయించడం వేరు.

రెండోది బాడీ లిఫ్ట్. ఛాసిస్‌కీ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టి బాడీని మాత్రమే పైకి లేపుతారు. పెద్ద టైరుకి చోటు దొరుకుతుంది. కింద ఛాసిస్ ఎత్తు అంగుళం కూడా పెరగదు.

మూడోది స్ప్రింగులు, షాకులు మొత్తం మార్చడం. ముందు కొత్త కాయిల్స్, వెనక కొత్త కమాను కట్టలు. సాధారణంగా రెండు నుంచి మూడు అంగుళాలు లేస్తుంది. నడక కూడా మారుతుంది. ఖర్చూ ఎక్కువే.

నాలుగోది ఆ కుర్రాడు చెప్పిన ఆరంగుళాలది. ముందు సస్పెన్షన్ మొత్తాన్నీ బ్రాకెట్లతో కిందకి దించేస్తారు. కొన్ని కిట్లలో ఛాసిస్‌కి ఉన్న భాగాన్ని కోయాల్సి వస్తుంది. ఒకసారి కోస్తే అతికించడం కష్టం.

ఈ ‘కోయడం’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయా. ఇక్కడ హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఒక లెక్క ఉంటుంది. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో కంపెనీ వెతుక్కోవాలి, లేదా వేరే స్టేటస్‌కి మారాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. మా టీమ్‌లోనే ఇద్దరు అలా వెళ్లారు. ఒకతను తన కారుని ఒకే వారంలో వచ్చిన రేటుకి అమ్మేశాడు. లిఫ్ట్‌కి పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు ఎటూ తిరిగిరాదు. కనీసం బోల్టులు విప్పితే బండి మళ్లీ పాత బండి అవ్వాలి. అందుకే నా మొదటి రూల్ అప్పుడే రాసుకున్నా: విప్పగలిగేదే వేయించాలి, కోసేది ఏదీ వద్దు.

టైరు లెక్క.. ట్రాక్టర్ చెప్పిన పాఠం

ఇక్కడ చాలామందికి తెలియని ఒక సంగతి ఉంది. లిఫ్ట్ ఎన్ని అంగుళాలు వేసినా వెనక యాక్సిల్ నేలకి ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో ఉంటుంది. ఎందుకంటే స్ప్రింగు యాక్సిల్‌కి పైన ఉంటుంది, కింద కాదు. యాక్సిల్ మధ్యలో గుండ్రంగా బుడిపెలా ఉండే డిఫరెన్షియల్ లేవాలంటే ఒకటే దారి. టైరు పెద్దదవ్వాలి. అది కూడా పెరిగిన దాంట్లో సగమే కలిసొస్తుంది.

నమ్మకం కుదరకపోతే ట్రాక్టర్‌ని గుర్తు తెచ్చుకోండి. దానికి వెనక స్ప్రింగే ఉండదు. అయినా దమ్ము చేసిన మడిలో దిగి హాయిగా తిరుగుతుంది. ఆ ఎత్తంతా టైరుదే.

ఇప్పుడు లెక్క చూద్దాం. టైరు మీద 265/70ఆర్16 అని ఉంటే.. వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 16 అంగుళాలు. మొత్తం ఎత్తు 30.6 అంగుళాలు వస్తుంది. అదే రిమ్ముకి 265/75ఆర్16 వేస్తే 31.6 అంగుళాలు. 285/75ఆర్16 వేస్తే 32.8, అందరూ ‘ముప్ఫై మూళ్లు’ అని పిలిచేవి ఇవే.

ముప్ఫై మూళ్లు వేస్తే యాక్సిల్ కింద సుమారు అంగుళం లాభం. బాగానే ఉంది. కానీ స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకోమాలో ఆ టైరు క్యాబిన్‌ని ఛాసిస్‌కి బిగించే మౌంట్‌కి తగులుతుంది. దాన్ని గ్రైండర్‌తో కోసి వెల్డింగ్ చేయించాలి. మళ్లీ కోత! 31.6 అయితే ఆ గొడవ లేదు. లాభం అర అంగుళమే, కానీ ఏమీ కోయక్కర్లేదు.

టైరు పెద్దదయ్యే కొద్దీ ఇంకొన్ని వెనకాలే వస్తాయి. ఇంజిన్‌కి గేరు బరువెక్కినట్టు అవుతుంది. సైకిల్‌కి వెనక చిన్న పళ్ల చక్రం వేసి ఎత్తు ఎక్కినట్టు. స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది. 31.6 టైరుతో మీటర్‌లో 60 ఉంటే నిజంగా 62 మైళ్లు. 32.8 టైరుతో 64. పోలీసుకి ఈ త్రైరాశికం చెప్తే వినడు. ట్రెడ్ బరువు పెరుగుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది.

ప్లై ఎక్కువున్న టైర్లు కూడా ఉంటాయి, పది టన్నులు లాగేవాడిలా కనిపిస్తాయి. రాయి కోతకి బాగా ఆగుతాయి కానీ బరువు, గట్టిదనం. నా బండి బరువుకి అంతకంటే ఒక మెట్టు తేలికైన ‘సీ’ లోడ్ రేంజ్ సరిపోతుందని లెక్క తేలింది. పక్క గోడ మీద కొండ, మంచు పువ్వు గుర్తు ఉన్నవే తీసుకున్నా. సెప్టెంబర్ నుంచి మే చివరి దాకా ఐ-70 కొండదారిలో టైర్ల మీద కొలరాడో రూల్ ఉంటుంది, మంచు పడితే అరిగిన టైర్లతో పోనివ్వరు. నేను ఏడాదిలో ఆరు రోజులు రాళ్ల మీద తిరిగితే, అరవై రోజులు ఆ మంచులో ఆఫీసుకి పోతాను. టైరు ఎంచుకునేటప్పుడు ఆ అరవై రోజులే ముందు.

“లోడెంత రా?”

మా నాన్న కడప జిల్లాలో 31 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఒక మోకాలు మార్పించుకున్నాడు, ఇంకోటి నొప్పి. ఏప్రిల్‌లో అమ్మా నాన్నా ఆరు నెలలకి డెన్వర్ రావాల్సి ఉంది. ఇంత దూరం విమానంలో కూర్చోవడం ఆయనకి ఇదే మొదలు, బహుశా ఇదే చివర కూడా అని డాక్టర్ మాటల్లో నాకర్థమైంది. మోయాబ్ చూపించాలని నా పట్టుదల.

జనవరిలో ఒక ఆదివారం వాట్సాప్ వీడియో కాల్‌లో ఈ లిఫ్ట్ సంగతంతా చెప్పా. స్క్రీన్ మీద బొమ్మలు కూడా చూపించా. అంతా విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న “లోడెంత రా?”

నాకర్థం కాలేదు. “లోడేంది నాన్నా, నేనొక్కణ్ణే కదా, అప్పుడప్పుడూ టెంటు, సామాన్లు.”

“అదే చెప్తాండా. కట్టలు లోడును బట్టి ఏస్తారు, ఎత్తును బట్టి కాదు. ఖాళీ బండికి ఒక పట్టీ ఎక్కువేసినావనుకో, ఎగిరెగిరి పడ్తాది. టైరు నేల ఇడ్సిపెడ్తాది. నేల ఇడ్సినాక బ్రేకు ఏం పట్టుకుంటాదిరా?”

ఇన్ని వారాలుగా చదివిన వాటిల్లో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. నిజానికి లిఫ్ట్ కిట్లు అమ్మే మంచి కంపెనీలన్నీ ఈ ప్రశ్ననే ఫారంలో అడుగుతాయి. ముందు ఇనుప బంపర్ ఉందా, వించ్ ఉందా, వెనక ఎప్పుడూ ఎన్ని పౌండ్లు ఉంటాయి అని. నేను ‘ఫ్యూచర్‌లో వించ్ పెట్టిస్తానేమో’ అని గట్టి స్ప్రింగుల వైపు చూస్తున్నా. నాన్న మాట తర్వాత ఇప్పుడున్న బరువుకి సరిపోయే మెత్తటివి ఆర్డర్ చేశా. వెనక కూడా ఉన్న కట్టలో అదనపు పట్టీ దూర్చకుండా, తేలిక లోడుకి తయారు చేసిన కొత్త కట్ట.

కాల్ పెట్టేసే ముందు అమ్మ ఫోన్ లాక్కుని “ఎత్తు ఎత్తు అంటాండారు, నేనెట్ల ఎక్కల్ల దాంట్లోకి?” అంది. అమ్మ ఎత్తు ఐదడుగులు. నాన్న మోకాలి సంగతి సరేసరి. టేపు తీసుకుని బయటికెళ్లి కొలిచా. రెండంగుళాల లిఫ్ట్, 31.6 టైరు అయితే తలుపు గడప ఇప్పటికంటే రెండున్నర అంగుళాలు పెరుగుతుంది. మూడంగుళాల లిఫ్ట్, ముప్ఫై మూళ్లు అయితే నాలుగు దాటుతుంది. రెండున్నరని ఒక పీటతో సర్దుకోవచ్చు. నాలుగుని సర్దుకోవడం ఆ మోకాలికి కష్టం.

అక్కడితో తేలిపోయింది. రెండంగుళాలు, 31.6.

ఫిబ్రవరిలో పని పూర్తయింది. స్ప్రింగులు, షాకులు, వెనక కట్టలు 1,450 డాలర్లు. ముందు చక్రాల కోణం సరిగ్గా కూర్చోవడానికి పై కంట్రోల్ ఆర్మ్‌లు 550. లేబర్ 800. అలైన్‌మెంట్ 130. టైర్లు ఐదు, 1,175. మొత్తం 4,105 డాలర్లు, మన డబ్బుల్లో మూడు లక్షల పైమాటే. ఐదో టైరు ఎందుకంటే స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఒక చక్రం చిన్నదైతే గేర్‌బాక్స్ మీద భారం పడుతుంది. చాలామంది డబ్బు మిగులుతుందని వదిలేసేది ఇదే. అలాగే హెడ్‌లైట్లు కిందకి దించుకోవాలి, లేకపోతే ఎదుటివాడి కళ్లలో కొడతాయి. కొత్త బళ్లకి ముందు గ్రిల్‌లో రాడార్ ఉంటుంది కాబట్టి దాన్ని కూడా చూపించుకోవాలి. ఇన్సూరెన్స్‌వాళ్లకి మెయిల్ పెట్టాలి. మైలేజీ గ్యాలన్‌కి 20 నుంచి 18కి వచ్చింది.

మన దగ్గర ఇది చదివి థార్‌కో, వీ-క్రాస్‌కో ట్రై చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. టైరు సైజు మార్చే ముందు మీ బండికి కంపెనీ ఒప్పుకున్న సైజులేంటో చూసుకోండి.

షేఫర్ ట్రెయిల్.. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులో

మే రెండో వారంలో ముగ్గురం బయల్దేరాం. వెనక సీట్లో పులిహోర డబ్బా, ఊరగాయ, రెండు డజన్ల నీళ్ల బాటిళ్లు. అమ్మ కోసం కొన్న చెక్క పీట.

ముందు డెడ్ హార్స్ పాయింట్‌కి వెళ్లాం. కింద 2,000 అడుగుల లోతులో కొలరాడో నది పాములా మెలిక తిరిగి కనిపిస్తుంది. నాన్న రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు చూసి “గండికోటను నాలుగైదు దినాలు నానబెట్టినట్టుంది” అన్నాడు. గండికోట దగ్గర పెన్న చీల్చిన లోయని చూసినవాళ్లకి ఆ మాట అర్థమవుతుంది. అక్కడా ఎర్రరాయే, అక్కడా నదే ఉలి. ఇక్కడ కొలత పెద్దది, అంతే.

అక్కడి నుంచి కాన్యన్‌లాండ్స్‌లోని షేఫర్ ట్రెయిల్. నిటారు గోడ లాంటి కొండ అంచున మలుపులు తిరుగుతూ 1,500 అడుగులు కిందకి దిగే మట్టి దారి. రెయిలింగ్ లేదు. కొన్నిచోట్ల ఒక బండికే చోటు. ముందు స్థానిక తెగలవాళ్లు నడిచిన బాట అది. తర్వాత షేఫర్ కుటుంబం పశువుల్ని తోలింది. 1950ల్లో యురేనియం లారీల కోసం వెడల్పు చేశారు.

నిజం చెప్పాలంటే పొడి వాతావరణంలో షేఫర్‌కి లిఫ్ట్ అక్కర్లేదు. పార్కువాళ్ల లెక్కలో హై క్లియరెన్స్ అంటే నేల నుంచి కనీసం 8 అంగుళాలు. నా టకోమాకి కంపెనీ ఇచ్చిందే 9.4. వాళ్లు ఎక్కువ పట్టించుకునేది లో-రేంజ్ గేరుని. మామూలు ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీలకి అది ఉండదు. అందుకే కఠినమైన దారుల్లోకి వాటిని రానివ్వరు.

దిగడం మొదలుపెట్టే ముందు టైర్లలో గాలి 20 పీఎస్ఐకి తీశా. టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది, కుదుపు తగ్గుతుంది. అంత ఖర్చు పెట్టి వేయించిన సస్పెన్షన్ కంటే ఈ పైసా ఖర్చులేని పనే నడకలో ఎక్కువ తేడా చూపించింది.

లో-రేంజ్‌లో వేసి మొదటి మలుపు తిప్పా. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుంది. నాన్న మాత్రం కిటికీ దించి చెయ్యి బయట పెట్టి, బస్సులో కూర్చున్నట్టే కూర్చున్నాడు.

“బ్రేకు మీద కాలు తియ్. ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగల్ల.”

“లో గేర్లోనే ఉన్నా నాన్నా.”

“తెలుస్తాంది. ఇంజిన్ పట్టుకుంటాంది. ఇంకేం భయం, పోనీ.”

ఐదో మలుపు దగ్గర కింద నుంచి ఒక జీపు వస్తోంది. నాన్న నాకంటే ముందే చూసి “ఎక్కేవానికి దారియ్యి” అన్నాడు. ఇక్కడి రూలూ అదే, ఎక్కే బండికే ముందు హక్కు. కొండ వైపు ఒదిగి ఆగా. జీపాయన చెయ్యెత్తి థ్యాంక్స్ చెప్పాడు. నాన్న కూడా రెండు వేళ్లెత్తి డ్రైవర్ సలాం కొట్టాడు.

సగం దిగాక చదునైన చోట ఆపాం. నాన్న నెమ్మదిగా పీట మీద కాలు పెట్టి దిగి, వెనక్కి తిరిగి మేం వచ్చిన దారిని చూశాడు. గోడ మీద గీత గీసినట్టుంది.

“ఈ మలుపుల్లోనా రాళ్ల లారీలు తిప్పింది? పవర్ స్టీరింగ్ లేకుండానా?” తర్వాత కాసేపు మాట్లాడలేదు. కొండ అందం గురించి ఆయన ఆ రోజు చెప్పింది తక్కువ. ఆ లారీలు నడిపినవాళ్ల గురించే రెండు రోజులు మాట్లాడాడు.

కింద పొటాష్ రోడ్డు పట్టుకుంటే నది పక్కనే ఊరికి చేరొచ్చు. ‘థెల్మా అండ్ లూయీస్’ (1991) సినిమా చివర్లో కారు లోయలోకి దూకే చోటు ఈ దారి పక్కనే. ఇంకొంచెం ముందుకెళ్తే ఎర్రటి నేల మధ్య నీలం రంగు చెరువులు. భూమి లోపలి నుంచి తోడిన ఉప్పునీళ్లని ఎండబెట్టి పొటాష్ తీస్తారు. నీళ్లు త్వరగా ఆవిరవ్వాలని రంగు కలుపుతారు. అమ్మకి అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి.

ఊరి చివర ఒక కుప్ప

మోయాబ్ చుట్టూ మనం సరదాగా తిరిగే దారుల్లో చాలా వాటికి సరదాతో పని లేదు. 1952లో చార్లీ స్టీన్ అనే జియాలజిస్టుకి ఇక్కడికి దక్షిణాన పెద్ద యురేనియం నిక్షేపం దొరికింది. అణుబాంబుల రోజులు. యురేనియం కోసం ఎడారంతా బుల్డోజర్లతో గీతలు గీశారు. కాన్యన్‌లాండ్స్‌లో వంద మైళ్ల వైట్ రిమ్ రోడ్డు కూడా అలా పుట్టిందే. 1956లో ఊరి పక్కనే మిల్లు పెట్టారు. 1984లో అది మూతపడింది. మిగిలింది నది ఒడ్డున 1.6 కోట్ల టన్నుల వ్యర్థం. 2009 నుంచి దాన్ని రైళ్లలో 30 మైళ్ల దూరంలోని క్రెసెంట్ జంక్షన్‌కి తరలించి పూడుస్తూ వచ్చారు. ఇప్పటికే ఎక్కువ భాగం వెళ్లిపోయింది.

పొటాష్ రోడ్డు హైవేని కలిసే దగ్గర ఆ చోటు కనిపిస్తుంది. నాన్నకి చెప్పా. ఆయన వెంటనే “తుమ్మలపల్లి మాదిరా?” అన్నాడు. పులివెందుల దగ్గరి తుమ్మలపల్లిలో యురేనియం గని, ప్లాంటు ఉన్నాయి. వ్యర్థాల చెరువు చుట్టుపక్కల ఊళ్ల రైతులు బోర్ల నీళ్ల గురించి ఏళ్లుగా ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. నాన్నకి ఆ ఊళ్లన్నీ బస్సు స్టాపులుగా తెలుసు.

“ఈళ్లు మూసేసి ఎన్నేండ్లయింది?”

“నలభై ఏళ్లు.”

“ఇంగా ఎత్తి పోస్తానే ఉండారా..” అని తల అటు తిప్పి చూస్తూ కూర్చున్నాడు. హోటల్ వచ్చేదాకా ముగ్గురిలో ఎవరం మాట్లాడలేదు.

వెళ్లాలనుకునేవారికి

మార్చి నుంచి మే, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్ మంచి సమయం. జులైలో ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. షేఫర్ దిగే ముందు వాన పడిందా అని రేంజర్లని అడగండి. తడిస్తే ఆ మట్టి సబ్బులా మారుతుంది. వైట్ రిమ్ మీదకి వెళ్లాలంటే పగటికైనా, రాత్రి క్యాంపింగ్‌కైనా పర్మిట్ తీసుకోవాలి. లోపల బండి ఆగిపోతే లాక్కొచ్చే బిల్లు వెయ్యి డాలర్లు దాటడం మామూలే. సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ నీళ్లు తప్పనిసరి.

దారి పక్కన నల్లగా, గరుగ్గా పొక్కు కట్టినట్టు కనిపించే మట్టి మీద టైరు కాదు కదా, కాలు కూడా పెట్టొద్దు. అది ప్రాణమున్న మట్టి. సూక్ష్మజీవులు, నాచు కలిసి అల్లుకున్న పొర. ఎడారి ఇసుకని గాలికి లేచిపోకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క టైరు అచ్చు మానడానికి దశాబ్దాలు పడుతుంది.

లిఫ్ట్ విషయానికొస్తే, ముందు మీ బండిని ఉన్నది ఉన్నట్టుగా ఒక సులువైన ట్రెయిల్‌కి తీసుకెళ్లండి. ఎక్కడ తగిలిందో ఫొటో తీయండి. మీ లోడు ఎంతో తూకం వేయండి. మీ బండి ఎక్కేవాళ్లు ఎవరో గుర్తు చేసుకోండి. ఈ మూడూ చేతిలో ఉంటే ఏ షాపులో ఎవరేం చెప్పినా మీ అంగుళాలు మీకు తెలుస్తాయి.

గత అక్టోబర్‌లో ఫ్రెండ్స్‌తో వైట్ రిమ్ రెండు రోజులు తిరిగొచ్చా. మర్ఫీ హాగ్‌బ్యాక్ అనే నిటారు ఎక్కుడు దగ్గర హిచ్ ఒక్కసారే తగిలింది. ఆ వీడియో జమ్మలమడుగులో ఉన్న నాన్నకి పంపిస్తే, ఆయన నుంచి వచ్చిన రిప్లై ఇది: “కట్టలు బాగా కూర్చున్నాయి. యూ బోల్టులు ఒగసారి బిగించు.”